నెల రిపోర్టులో సున్నా: బెంగళూరులో ఒక తెలుగు సేవకుడి కేసు

మిషనరీలకు, వారి కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడం నా పని. బెంగళూరులో తెలుగువారి మధ్య పరిచర్య చేసేవారు నా దగ్గరకు ఎక్కువగా వస్తారు. వారిలో చాలామంది మొదట చెప్పే మాట దాదాపు ఒకటే: "పని చేస్తూనే ఉన్నాం, ఫలితం కనబడటం లేదు, ఆశ సన్నగిల్లుతోంది." దీనికి సంఘాల్లో వినిపించే జవాబు కూడా ఒకటే: "ఓపిక పట్టండి, పంట కాలం వస్తుంది." ఆ జవాబు అబద్ధం కాదు. కానీ ఆశ పోవడానికి ఫలితం లేకపోవడమే కారణమని ముందే అనుకుంటే, అసలు గాయం ఎక్కడుందో వెతకం. ఈ కేసులో గాయం వేరే చోట ఉంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ఈ కేసులోని సేవకుడు, అంటే సువార్త పని చేసే వ్యక్తి, ఆయన భార్య ఈ రాతను చదివి ఒప్పుకున్నారు. ఊరు, మిషన్ పేరు, వయసు, కుటుంబ వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. పేరు పెట్టలేదు.

నేపథ్యం

ఆయన కూలి కుటుంబంలో పుట్టి, చేతి పని నేర్చుకుని, తరువాత బైబిల్ శిక్షణ పొందినవారు. ఒక చిన్న తెలుగు మిషన్ ఆయనను భార్యాపిల్లలతో బెంగళూరుకు పంపింది. వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర రోడ్డు, హొసకోటె వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోటల్లా భవన కార్మికుల రేకుల షెడ్లు ఉంటాయి. రాయలసీమ నుంచి, పాలమూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు వాటిలో చాలా ఉంటాయి. ఆయన పని అలాంటి షెడ్ల మధ్యనే.

ఈ కేసు అర్థం కావాలంటే ఆ షెడ్ల జీవితం కొంత తెలియాలి. అక్కడ ఎవరూ స్థిరంగా ఉండరు. స్లాబులు పూర్తయితే సెంట్రింగ్ వాళ్లు వెళ్లిపోతారు. తరువాత ప్లాస్టరింగ్ వాళ్లు, టైల్స్ వాళ్లు, రంగుల వాళ్లు వస్తారు, వెళ్తారు. మేస్త్రీ ఏ సైటుకు రమ్మంటే ఆ సైటుకు వెళ్లాలి. అడ్వాన్సు తీసుకున్నవారికి వేరే దారి లేదు. సంక్రాంతికో ఉగాదికో ఊరెళ్లిన కుటుంబం అదే షెడ్డుకు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. తొలకరి పడితే కొందరు సేద్యానికి వెళ్లిపోతారు. రీచార్జి చేయక ఫోను నంబర్లు కూడా పోతుంటాయి. ఒక కుటుంబం ప్రార్థనకు రావడం మొదలుపెట్టి, వాక్యం మీద ఆసక్తి చూపించి, ఒక ఆదివారం రాకపోతే, వెళ్లి చూసేసరికి ఆ షెడ్డులో వేరే వాళ్లు వంట చేసుకుంటూ ఉంటారు.

సేవకుడు సాయంత్రాలు షెడ్ల పిల్లలకు చదువు చెప్పేవారు. జ్వరం వచ్చినవారిని, పురిటి నొప్పులు పడుతున్నవారిని ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదుకు అంతకు ముందు పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. ఆ కాగితాలు సంపాదించి లేబర్ కార్డు ఇప్పించేవారు. ఆదివారం సాయంత్రం అద్దె గదిలో ప్రార్థన కూడిక. సహాయాన్ని కూడికతో ముడిపెట్టకూడదన్నది ఆయన నియమం. 2022లో కర్ణాటకలో ఒత్తిడితో, ప్రలోభంతో చేసే మత మార్పిడులపై చట్టం వచ్చినప్పుడు చాలామంది సేవకులు కంగారు పడ్డారు. ఆయనకు మాత్రం ఈ విషయంలో కొత్తగా మార్చుకోవాల్సింది లేకపోయింది. కూడికకు రాని ఇంటి పిల్లవాడికీ అదే పలక, అదే పాఠం.

ఆయన నెల జీతం కొన్ని సంఘాలు, కొన్ని కుటుంబాలు పంపే కానుకల మీద నడిచేది. ప్రతి నెలా ఆయన మిషన్‌కు ఒక రిపోర్టు పంపాలి. అందులో గడులు ఉండేవి: గృహ దర్శనాలు, పంచిన కరపత్రాలు, క్రమంగా కూడుకునేవారు, నిర్ణయం తీసుకున్నవారు (అంటే క్రీస్తును నమ్ముతామని చెప్పినవారు), బాప్తిస్మాలు. ఆ రిపోర్టులోంచే మిషన్ కార్యాలయం కానుకలిచ్చేవారికి ఉత్తరం తయారు చేసేది.

నా దగ్గరకు వచ్చినప్పుడు

భార్య బలవంతం మీద వచ్చారు. నిద్ర లేదు, ఆకలి లేదు, పిల్లల మీద ఊరికే కోపం. బరువు తగ్గారు. "అయ్యగారూ, ఆశ గురించి ప్రసంగం చేస్తాను. అందరూ ఆమెన్ అంటారు. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటాను" అన్నారు.

ఇలాంటి మాట విన్నప్పుడు ఆత్మీయ సంభాషణలోకి వెంటనే దిగాలనిపిస్తుంది. నేను ముందు శరీరం గురించి, ప్రాణం గురించి అడుగుతాను. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందేమోనని మన సంఘాల్లో భయం ఉంది. ఆ భయం నిజం కాదు. అడగడం వల్ల మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆయన చాలాసేపు ఆగి, "చేసుకోవాలని లేదు. కానీ తెల్లారకపోతే బాగుండునని రాత్రి అనిపిస్తుంది" అన్నారు. కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పత్రం పూర్తి చేయించాను. దానిలో మొత్తం 27. పది వచ్చిందంటే మోస్తరు కుంగుబాటుగా చూస్తాం. ఆయన దాన్ని బాగా దాటారు.

ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు పంపాను. ఆయన అనుమతితో భార్యకు విషయం చెప్పాను. రాత్రి పూట తట్టుకోలేని పరిస్థితి వస్తే ఎవరికి ఫోను చేయాలో ముగ్గురం కూర్చుని రాసుకున్నాం. ఆ కాగితంలో 14416 కూడా ఉంది. అది మానసిక సహాయం కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉచిత నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదటి వారంలో తేడా లేదని ఆపేయకూడదని వైద్యుడు చెప్పింది ఇంట్లో మళ్లీ మళ్లీ గుర్తు చేయమని భార్యను కోరాను.

మందులు వేసుకోవడానికి ఆయన సందేహించారు. విశ్వాసం తక్కువైనవాడు వేసుకునేవి కదా అని ఆయన బెంగ. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందు ఏం చేశాడో చూడమన్నాను. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు" అన్న ప్రశ్న ఆ తరువాత ఎంతో దూరం నడిచాకే వచ్చింది. ఆయన ఆ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించారు. తనకోసం చదువుకున్నది ఆ రోజే.

అంతకు ముందు చేసినవి

నా దగ్గరకు రాకముందే ఆయన చుట్టూ ఉన్నవారు ప్రేమతో కొన్ని ప్రయత్నాలు చేశారు. అవి ఎందుకు పని చేయలేదో చూడటం అవసరం.

మొదటిది ఉపవాస ప్రార్థన. ఆశ తగ్గితే ప్రార్థన పెంచాలని పెద్దలు సలహా ఇచ్చారు. ఉపవాసాన్ని నేను గౌరవిస్తాను, నేనూ చేస్తాను. కానీ నిద్ర, ఆకలి అప్పటికే పోయిన మనిషికి వరుస ఉపవాసం అంటే శరీరంలో మిగిలింది కూడా తీసేయడం. ఆయన విషయంలో అదే జరిగింది. పైగా ఉపవాసం ముగిశాక కూడా చీకటి పోకపోయేసరికి, దేవుడు తనను వినడం లేదన్న నిర్ధారణకు వచ్చారు.

రెండోది సెలవు. కొన్ని వారాలు ఊరెళ్లి రమ్మన్నారు. ఊళ్లో సొంత సంఘం ఆయనను ప్రేమగా వేదిక మీదకు పిలిచింది. సాక్ష్యం చెప్పమన్నారు. వీధిలో కనబడిన ప్రతి పెద్దమ్మ అడిగింది: "బెంగళూరులో ఎంతమంది రక్షణ పొందారు నాయనా?" ఆయన తప్పించుకోవాలనుకున్న ప్రశ్న అక్కడ గడప గడపకూ ఎదురైంది. వెళ్లినప్పటికంటే అలసిపోయి వచ్చారు.

మూడోది ఒంగోలు కథ. మిషన్‌లో ఒక పెద్దాయన ఫోనులో ఎంతో ఆప్యాయంగా చెప్పారు. తెలుగు క్రైస్తవులకు అది తెలిసిన చరిత్రే: అమెరికన్ బాప్టిస్టులు తెలుగు ప్రాంతంలో దశాబ్దాలు పని చేసినా సంఘం గుప్పెడు మందిని దాటలేదు; మిషన్‌ను మూసేయాలని అక్కడి బోర్డు ఒకటికి రెండుసార్లు ఆలోచించింది; చివరకు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. "నీకూ అలాంటి రోజు వస్తుంది" అని పెద్దాయన దీవించారు. సేవకుడికి వినిపించింది మాత్రం ఆ సంఖ్యే. ఆ రాత్రి తన షెడ్లను లెక్క పెట్టుకున్నారు. ఆశ సన్నగిల్లిన మనిషికి ఇంకొకరి పెద్ద ఫలితం చూపిస్తే అది కొలబద్దగా మారుతుంది, ముఖ్యంగా ఆయన అప్పటికే లెక్కల్లో ఇరుక్కున్నవాడైతే. ఆ ఇరుకు ఎలాంటిదో అప్పటికి ఎవరికీ తెలియదు.

అసలు గాయం దొరికిన చోటు

పని ఒత్తిడి వల్ల వచ్చే నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ జబ్బుగా చూడదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చూస్తుంది. దానికి మూడు లక్షణాలు చెబుతుంది: శక్తి ఉడిగిపోవడం, పని మీద మనసు విరగడం, చేస్తున్నది ఫలిస్తోందన్న భావన తగ్గడం. మొదటిదీ మూడోదీ ఆయనలో స్పష్టంగా ఉన్నాయి. రెండోది నాకు కనబడలేదు. షెడ్ల మనుషుల గురించి మాట్లాడేటప్పుడు ఆయన ముఖం వెలిగేది. ఏ పిల్లవాడికి ఎక్కాలు వచ్చాయో, ఏ ఇంటి ముసలమ్మకు కళ్లద్దాలు కావాలో వేళ్ల మీద చెప్పేవారు. పని మీద మనసు విరగని మనిషికి బతుకు మీద ఎందుకు విరిగింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

జవాబు ఆయన భార్య మాటల్లో దొరికింది. ఆమెతో విడిగా మాట్లాడింది నా సహోద్యోగిని. ఆమె అనుమతితో నాకు చెప్పారు. "నెల మొదట్లో బాగానే ఉంటారు. ఇరవై ఐదో తేదీ దాటితే ఇంట్లో మాట్లాడాలంటే భయం." నెలాఖరులో అద్దె ఉంటుంది, పిల్లల ఫీజు ఉంటుంది. వాటి గురించి సేవకుడిని అడిగాను. కాదన్నారు. మరి నెలాఖరున ఇంకేం ఉంటుందని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "రిపోర్టు" అన్నారు.

మొదట చిన్న సర్దుబాటుగా మొదలైందట. ఒక కుటుంబం ప్రార్థనలో మోకరించింది. అది నిర్ణయమా కాదా? 'నిర్ణయం తీసుకున్నవారు' గడిలో రాశారు. వెళ్లిపోయిన కుటుంబాలను 'క్రమంగా కూడుకునేవారు' లోంచి తీసేయడానికి చేయి రాలేదు. మళ్లీ వస్తారేమోనని ఉంచారు. తరువాత వచ్చినవారిని కలిపారు. అలా కాగితం మీద సంఘం పెరుగుతూ పోయింది, అద్దె గదిలో చాపలు అన్నే ఉండిపోయాయి. మిషన్ ఉత్తరాల్లో ఆయన పనిని ఉదాహరణగా చూపించడం మొదలుపెట్టారు. కానుకలు పెరిగాయి. "నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ దేవుడు ఇంకొంచెం దూరం జరిగినట్టు ఉండేది" అన్నారు. పర్యవేక్షకుడు త్వరలో చూడటానికి వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచే నిద్ర పూర్తిగా పోయింది.

నా ఆలోచన ఇక్కడ మలుపు తిరిగింది. ఫలితం లేని సేవలో ఆశతో ఉండటం కష్టమే, కానీ సాధ్యం. లేని ఫలితాన్ని ఉన్నట్టు చూపిస్తూ ఆశతో ఉండటం సాధ్యం కాదు. ఎందుకంటే ఆశకు ఎదురు చూపు కావాలి. ఆయన కాగితంలో ఎదురు చూడాల్సింది ఇప్పటికే జరిగిపోయింది. దేవుడు కొత్తగా ఏదైనా చేసినా దాన్ని రాయడానికి గడి మిగల్లేదు. ఆయన ప్రార్థన ఆగిపోవడానికి కారణం అవిశ్వాసం కాదు. నిజం చెప్పకుండా ప్రార్థించలేకపోవడం. ఆ లెక్కన చూస్తే ఆయన మనస్సాక్షి ఎంతో ఆరోగ్యంగా ఉంది.

నిజం ఎప్పుడు, ఎవరికి

అబద్ధం బయటపడింది కదా, వెంటనే ఒప్పుకోమనడం సులభం. నేను అలా అనలేదు. తెల్లారకపోతే బాగుండునని అనుకుంటున్న మనిషి మీద ఒక్కసారిగా బహిరంగ అవమానం పడితే ప్రమాదం పెరుగుతుంది. ముందు నిద్ర తిరిగి రావాలి, మందు పట్టాలి, ఇంట్లో ఒకరికైనా మొత్తం తెలిసి ఉండాలి. మరోవైపు నెల రిపోర్టు గడువు దగ్గర పడింది. ఇంకో తప్పుడు కాగితం పంపితే చికిత్స మొదలైన రోజే దాన్ని చెడగొట్టినట్టు. అందుకే ఆ నెల వైద్య కారణాల మీద రిపోర్టు నుంచి సెలవు అడగమన్నాను. అది నిజమే కాబట్టి ఆయన రాయగలిగారు. పర్యవేక్షకుడి రాక కూడా వాయిదా పడింది.

మొదట భార్యకు చెప్పారు. ఆమెకు సగం తెలుసు. "చెప్తారని చూస్తున్నాను" అని మాత్రం అన్నారట. ఆ తరువాత నిద్ర కుదుటపడి, పీహెచ్‌క్యూ స్కోరు తగ్గడం మొదలయ్యాక మిషన్ కార్యదర్శికి చెప్పాలనుకున్నారు. ఆయన కోరితేనే నేను పక్కన కూర్చున్నాను. ఆయన అనుమతి లేకుండా మిషన్‌తో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మిషన్ ఫీజు కట్టినా సరే, నా దగ్గర కూర్చున్న మనిషే నాకు ముఖ్యం. ఈ విషయంలో మన సంస్థల్లో ఇంకా స్పష్టత రావాలి. కౌన్సెలర్‌కు చెప్పిందంతా కార్యాలయానికి చేరుతుందని అనుమానం ఉన్నంత కాలం ఏ సేవకుడూ నిజం చెప్పడు.

కార్యదర్శి కోప్పడ్డారు. కోప్పడటం న్యాయమే. ఆ ఉత్తరాల కింద సంతకం ఆయనది. విరాళాలు ఇచ్చినవారికి ఏమని చెప్పాలని అడిగారు. సేవకుడు సమర్థించుకోలేదు, రాజీనామా కాగితం ముందు పెట్టారు. కార్యదర్శి దాన్ని తీసుకుని మడిచి, వెంటనే జవాబు ఇవ్వనన్నారు. కొన్ని రోజుల తరువాత ఆయనే ఫోను చేసి ఒక ముఖ్యమైన మాట చెప్పారు: ఆ రిపోర్టు నమూనా ఊళ్లలో పని చేసే సేవకుల కోసం తయారైంది. అక్కడ ఒక ఇంటికి పదేళ్లు వెళ్లినా అదే ఇల్లు, అదే మనుషులు. షెడ్ల పరిచర్యకు దాన్నే ఇచ్చినప్పుడు, ఎవరూ నిజాయితీగా నింపలేని కాగితాన్ని ఇచ్చామని ఆయన గ్రహించారు. ఇది సేవకుడి తప్పును తుడిచేయలేదు. కానీ ఆ తప్పు ఏ నేలలో మొలిచిందో అందరికీ కనబడింది.

కానుకలిచ్చేవారికి సవరణ ఉత్తరం వెళ్లింది. రెండు కుటుంబాలు సహాయం ఆపేశాయి. ఒక సంఘ పెద్ద, బాధతో, కఠినంగా మాట్లాడారు. మరొక కుటుంబం మాత్రం పంపుతున్నదానికి కొంచెం కలిపి పంపింది. ఎందుకో చెప్పలేదు.

ఫలితాన్ని వెతికి చూపించే ప్రయత్నం

ఈ దశలో ఒక ప్రయోగం చేశాం. షెడ్లు వదిలి వెళ్లినవారిలో కొందరైనా ఊళ్లో విశ్వాసంలో ఉండవచ్చు కదా, వెతుకుదాం అనుకున్నాం. పాత నంబర్లకు ఫోన్లు చేశారు. చాలా నంబర్లు పలకలేదు. పలికినవారిలో ఎక్కువ మందికి ప్రసంగాలు గుర్తు లేవు. ఆసుపత్రికి తీసుకెళ్లింది, పిల్లకు అక్షరాలు నేర్పింది గుర్తుంది. ఒక యువకుడు తన ఊళ్లో సంఘానికి వెళ్తున్నానని చెప్పాడు. సేవకుడు ఏడ్చేశారు. ఇక తేలికపడతారని నేను ఆశించాను.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. "ఇన్నేళ్లకు ఒక్కడేనా?" అన్న ప్రశ్న వచ్చేసింది. నేను దీన్ని చాలా ముఖ్యమైన సమాచారంగా తీసుకున్నాను. ఫలితం కనబడకపోవడమే సమస్య అయితే, కనబడినప్పుడు తగ్గాలి. తగ్గలేదంటే లోపల లెక్కించే అలవాటు ఇంకా అలాగే ఉంది, ఏ సంఖ్య ఇచ్చినా దాన్ని చాలదనే అంటుంది. అందుకని ఫలాలు వెతకడం ఆపేశాం. ఆ యువకుడితో స్నేహం కొనసాగించమన్నాను, రుజువుగా మాత్రం వాడవద్దన్నాను.

పని చేసినవి

కొత్త రిపోర్టును సేవకుడు, కార్యదర్శి కలిసి తయారు చేశారు. ఎవరితో కూర్చున్నారు, ఏది కష్టంగా ఉంది, ఎవరు వెళ్లిపోయారు, దేనికోసం ప్రార్థించాలి. ఇవి మాటల్లో రాయాలి. సంఖ్యలన్నీ తీసేద్దామని కార్యదర్శి అన్నారు. ఒక్క గడి ఉంచమని నేను పట్టుబట్టాను: ఈ నెల కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు. ఆ గడి లేకపోతే సున్నా మళ్లీ దాక్కుంటుంది. సున్నా రాసి, దాన్ని పంపి, తిరుగు జవాబులో "వందనాలు, మీకోసం ప్రార్థిస్తున్నాం" అన్న మాట చదవడం ఆయనకు కావాలి. మొదటిసారి సున్నా రాసినప్పుడు చేయి వణికిందని చెప్పారు. ఆ రాత్రి నిద్రపోయారని భార్య చెప్పారు. వరుసగా అలాంటి నెలలు గడిచాక, నెలాఖరు భయం తగ్గింది. నేను చూసిన అన్ని మార్పుల్లో ఇదే పెద్దది.

రెండోది సాగనంపడం. మనిషి చనిపోకుండానే, వీడ్కోలు లేకుండానే మన జీవితంలోంచి మాయమైతే ఆ దుఃఖానికి ముగింపు దొరకదు. అమెరికాకు చెందిన కుటుంబ చికిత్సకురాలు పాలీన్ బాస్ ఇలాంటి తేలని నష్టం గురించి ఎంతో పని చేశారు. సేవకుడికి అలాంటి నష్టాలు ప్రతి సీజనులోనూ జరుగుతున్నాయి, ఒక్కదానికీ ఆయన ఏడవలేదు. రిపోర్టులో వెళ్లినవారి పేర్లు కొట్టేయడానికి చేయి రాకపోవడంలో అబద్ధంతో పాటు ఈ దుఃఖం కూడా ఉందని నాకు అనిపించింది. కాబట్టి సైటులో ఏ పని ఎప్పుడు ముగుస్తుందో మేస్త్రీని అడిగి ముందే తెలుసుకోవడం మొదలుపెట్టారు. వెళ్లబోయే కుటుంబంతో కూర్చుని భోజనం చేస్తారు. వారు కోరితే ప్రార్థన చేస్తారు. ఒక నోటు పుస్తకంలో వారి పేర్లు, ఊరు రాస్తారు. వారు అడిగితేనే ఊళ్లో సంఘం చిరునామా ఇస్తారు. పిల్లల బదిలీ కాగితం, లేబర్ కార్డు, మందుల చీటీ ఉన్నాయో లేదో భార్య చూస్తారు. అందరినీ ఇలా పంపడం కుదరదు. రాత్రికి రాత్రి వెళ్లిపోయేవారు ఇప్పటికీ ఉంటారు. కానీ కొందరినైనా పంపడం వల్ల మిగిలినవారి కోసం దుఃఖించడం కూడా ఆయనకు వచ్చింది.

అప్పుడే ఒంగోలు చరిత్రను మళ్లీ తెరిచాం, ఈసారి ఆ ఒక్క రోజును పక్కన పెట్టి. ఆ మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే 1836లో వచ్చారు. కొంతకాలం మద్రాసులో తెలుగువారి మధ్య ఉండి 1840లో నెల్లూరు చేరారు. ఆరోగ్యం పాడై వెళ్లిపోయి, 1871లో కన్నుమూశారు. గుండ్లకమ్మ రోజు ఆయన చూడలేదు. ఒంగోలు ప్రాంతంలో తొలి విశ్వాసుల్లో ఒకరైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఆయన సువార్త మొదట విన్నది ఒంగోలులో కాదు, వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల దగ్గర. వారు పేరయ్య పేరును ఏ గడిలో రాసుకుని ఉంటారు? ఇక్కడ సేవకుడు తనంతట తానే ఆగి, "మా షెడ్లవాళ్లు కూడా దారిలో ఉన్నవాళ్లే కదా" అన్నారు. ఇంకో సంగతి కూడా ఆయనకు బలమిచ్చింది. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ సహాయం సాగుతున్నంత కాలం, జనం అడుగుతున్నా బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారో, దేవుని కోసం వస్తున్నారో తేలాలన్నది ఆయన పట్టుదల. అంటే ఆ చరిత్రలోని అత్యంత నిజాయితీ గల నెలల్లో రిపోర్టు సున్నాయే. ఈ కథే మొదటిసారి ఆయనను కుంగదీసింది, రెండోసారి నిలబెట్టింది. మధ్యలో మారింది ఆయన చేతిలోని కాగితం.

మూడోది తోడు. వేర్వేరు మిషన్‌లకు చెందిన మరో ఇద్దరు తెలుగు సేవకులతో నెలకోసారి కలుస్తున్నారు. అక్కడ ఎవరూ సంఖ్యలు చెప్పకూడదన్నది నియమం. చివర్లో అంధకారంతోనే ముగిసే 88వ కీర్తనను మొదటి సమావేశంలో చదువుకున్నారట. ఆశావహమైన ముగింపు చేర్చకుండా దేవుని ముందు అలా కూర్చోవచ్చని తెలియడం వారందరికీ ఊరట. భార్యకు కూడా నా సహోద్యోగినితో విడిగా సమయం కొనసాగుతోంది. సేవకుడి పేరు మీద పంపిన ఉత్తరాల్లో ఆమె శ్రమ ఎన్నడూ కనబడలేదు. కొత్త రిపోర్టులో సగం ఆమె రాస్తారు.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో మార్పు

ఫలితం కనబడటం లేదని సేవకులు వచ్చినప్పుడు ఇప్పుడు నేను నిద్ర, ఆకలి, చావు ఆలోచనల తరువాత అడిగే ప్రశ్న: "మీ చివరి రిపోర్టులో రాసింది, మీకు తెలిసింది ఒకటేనా?" నెమ్మదిగా, తలుపులు మూసి, ఇది బయటకు పోదని చెప్పి అడుగుతాను. అవునని వెంటనే చెప్పగలిగినవారికి ఓపిక గురించి, పంట కాలం గురించిన మాటలు నిజంగా పని చేస్తాయి. నాటేవాడు ఒకడు, నీళ్లు పోసేవాడు మరొకడు, పెంచేవాడు దేవుడు అన్న అపొస్తలుడు పౌలు మాట వారికి విశ్రాంతినిస్తుంది. చెప్పలేనివారికి అదే మాట గుచ్చుకుంటుంది, ఎందుకంటే వారు ఆ మూడో పని కూడా కాగితం మీద తామే చేసేశారు.

మిషన్‌లను నడిపేవారికి ఒక విన్నపం. మీరు పంపే నమూనాలో సున్నా రాస్తే ఏమవుతుందో మీ సేవకుడికి తెలుసా? జీతం గురించి, మీ ముఖం గురించి భయం లేకుండా రాయగలడా? కానుకలిచ్చేవారు ఆ ఉత్తరం చదివి నిలబడతారా? ఈ మూడింటికీ జవాబు స్పష్టంగా లేకపోతే మీకు వచ్చే సంఖ్యలను నమ్మవద్దు, వాటిని పంపే మనిషిని వెళ్లి చూడండి.

ప్రస్తుతం ఆయన మందులు వైద్యుడి సలహా మీద తగ్గిస్తున్నారు. కూడికకు వచ్చేవారి సంఖ్య పెద్దగా మారలేదు. ఆశ గురించి మళ్లీ ప్రసంగించారని, ఈసారి ఇంటికి వచ్చి పిల్లలతో అన్నం తిన్నారని భార్య చెప్పారు. వారు పని చేస్తున్న సైటు త్వరలో పూర్తవుతుంది. కార్మికులతో పాటు కొత్త చోటికి మారాలా, లేక మిషన్ సూచిస్తున్నట్టు స్థిరంగా ఉండే తెలుగు కాలనీలో పని మొదలుపెట్టాలా అన్నది తేలాలి. ఆయన మనసు షెడ్ల వైపు ఉంది. భార్యకు పిల్లల బడి మార్చడం ఇష్టం లేదు. సంక్రాంతి దాకా సమయం అడిగారు, మిషన్ ఇచ్చింది. మేము ఈసారి కలిసేది దాని గురించే. ఆమె కూడా వస్తున్నారు.